దివిసీమలో మూడు రోజులు: మడ అడవులు, హంసలదీవి, ఎదురుమొండి చూడాలంటే ప్రయాణం ఎలా అమర్చుకోవాలి?

ఓరుగల్లు బాటసారి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. జనవరిలో సంక్రాంతి రద్దీ తగ్గాక మా నాన్నగారిని వెంటబెట్టుకొని కృష్ణా జిల్లాలోని దివిసీమకు వెళ్లాలనుకుంటున్నాను. మాది వరంగల్. 1977 ఉప్పెన తరువాత కాలేజీ కుర్రవాళ్లు జట్లుగా సహాయానికి కదిలినప్పుడు నాన్నగారు కూడా వెళ్లి, కోడూరు ప్రాంతంలో మూడు వారాలు ఉండి వచ్చారు. ఆ తరువాత మళ్లీ అటు అడుగు పెట్టలేదు. ఇప్పుడు ఆయనకు 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పి తప్ప వేరే ఇబ్బంది లేదు. గుళ్లూ గోపురాలూ చూడకూడదని కాదు గాని, ఈసారి మా ఆసక్తి అంతా నది సముద్రంలో కలిసే ఆ బురదనేల మీద, అక్కడి పల్లెల మీద, పడవ దాటితే తప్ప చేరలేని దీవుల మీద ఉంది.

నేను వేసుకున్న పట్టిక ఇది. మొదటి రోజు ఉదయమే విజయవాడలో కారులో బయలుదేరి కూచిపూడి, ఘంటసాల, శ్రీకాకుళం (కృష్ణా జిల్లాలోనే ఉన్న ఊరు), మోపిదేవి చూసుకొని సాయంత్రానికి హంసలదీవి చేరుకుంటాం. రెండో రోజు నాగాయలంక మీదుగా ఏటిమొగ వెళ్లి, నది దాటి ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ చూసి, వెనక్కి వచ్చి పడవ మీద మడ అడవిలోకి వెళతాం. మూడో రోజు పెనుమూడి వారధి దాటి రేపల్లె, నిజాంపట్నం, లంకెవానిదిబ్బ చూసుకొని తిరుగు ప్రయాణం కడతాం.

ఇది సాధ్యమయ్యే పనేనా? పంటు (మనుషులనూ బండ్లనూ నది దాటించే పెద్ద పడవ) మీద కారు దాటించవచ్చా? రాత్రి బస ఎక్కడ పెట్టుకోవాలి? పెద్దవయసు వారు మడ అడవిలో పడవ ఎక్కి దిగగలరా? ఆ ప్రాంతం ఎరిగినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

అవనిగడ్డ మాస్టారు:

మీ పట్టిక చూశాను. అందులో గంటలున్నాయి, కిలోమీటర్లున్నాయి, తిథి మాత్రం లేదు. విజయవాడ నుంచి మోపిదేవి దాకా గడియారం చూసుకొని తిరగండి, ఎవరూ కాదనరు. అవనిగడ్డ దాటి కిందికి వచ్చాక మాత్రం పోటు, పాటు చూసుకొని నడవాలి. సముద్రపు నీరు కాలువల్లోకి ఎక్కడాన్ని మా వైపు పోటు అంటాం, వెనక్కి తీయడాన్ని పాటు అంటాం. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఇవాళ పోటు వచ్చిన వేళకే రేపు రాదు, సుమారు రెండు గడియలు ఆలస్యమవుతుంది. గడియకు 24 నిమిషాలు కాబట్టి రెండు గడియలంటే 48 నిమిషాలు. ఇప్పటి శాస్త్రం చెప్పే 50 నిమిషాల లెక్కకు అది ఎంత దగ్గరగా ఉందో మీరే చూడండి. అందుచేత రేవులో దిగగానే చేయవలసిన మొదటి పని, ఆ రోజు పోటు ఎప్పుడు వచ్చిందో ఎవరినైనా వలకారుని అడిగి తెలుసుకోవడం. మర్నాటికి రెండు గడియలు కలుపుకుంటే మీ పట్టిక దానంతట అదే తయారవుతుంది.

అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎత్తుగా వస్తుంది, పాటు కూడా అంత లోతుకూ తీస్తుంది. అష్టమి చుట్టుపక్కల రెండూ మందంగా ఉంటాయి. మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పి అన్నారు గనుక అష్టమి దగ్గరి రోజులు మేలని నా అభిప్రాయం. నీరు బాగా తీసేసిన వేళ పడవ రేవు గట్టు దాకా రాలేదు. అప్పుడు బురదలో దిగి, పలక మీద కాలు పెట్టి ఎక్కవలసి వస్తుంది. పిక్కల దాకా దిగబడే ఆ బురదలో కుర్రవాళ్లే తడబడతారు.

ఇందులో నాకు స్వయంగా జరిగిన అనుభవం ఉంది. చాలా ఏళ్ల కిందట మా తోడల్లుడు ఊరినుంచి వస్తే, మడ అడవి చూపిద్దామని పౌర్ణమి మర్నాడు పడవ మాట్లాడాను. నీరు తీయడం మొదలైంది, ఇప్పుడు వద్దని పడవ నడిపే ఆయన చెబుతూనే ఉన్నాడు. గంటలో వచ్చేద్దామని నేనే తొందరపెట్టాను. సగం దూరం పోయామో లేదో పడవ అడుగు బురదకు ఆనింది. మళ్లీ పోటు వచ్చి పడవను లేపేదాకా, అంటే దాదాపు ఆరు గంటలు, ముగ్గురమూ దోమల మధ్య కూర్చున్నాం. సీసాలో నీళ్లు అయిపోయాయి, చుట్టూ ఉన్న నీళ్లు నోట పెట్టుకోవడానికి లేదు. తోడల్లుడు ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ కథ చెప్పి నన్ను నవ్వులపాలు చేస్తుంటాడు.

ఇక మీ ప్రశ్నలకు వస్తాను. బస అవనిగడ్డలోనే పెట్టుకోండి. లాడ్జీలు, భోజన హోటళ్లు అక్కడ దొరుకుతాయి, అటు హంసలదీవికీ ఇటు నాగాయలంకకూ అదే కూడలి. మోపిదేవి నుంచి వచ్చేటప్పుడు పులిగడ్డ దగ్గర ఒక్క పావుగంట ఆగండి. కాలువ నీరు కృష్ణ పాయ మీదుగా దాటి దివిసీమలోకి వచ్చే అక్విడెక్టు అక్కడ ఉంది. ఈ సీమలో వరి పండుతున్నదంటే, ఉప్పునేల మధ్య తాగునీటి చెరువు నిండుతున్నదంటే ఆ కాలువ చలవే. దాన్ని చూడకుండా కింది ఊళ్లకు పోతే ఇక్కడ ఒక పొలం పచ్చగా, దాని పక్క పొలం తెల్లగా ఉప్పు పేరుకొని ఎందుకుందో అర్థం కాదు.

పంటు మీద మోటారు సైకిళ్లు మామూలుగా దాటుతుంటాయి. మీ కారును మాత్రం ఏటిమొగలోనే వదిలి వెళ్లమని నా సలహా. తిరుగు పంటు ఏ వేళకు ఆఖరుదో ఎక్కకముందే అడిగి రూఢి చేసుకోండి. వంతెన కోసం ఆ దీవి ప్రజలు దశాబ్దాలుగా అడుగుతున్నారు. వారికి ఆసుపత్రి అయినా, ఎరువు బస్తా అయినా ఆ రేవు మీదుగానే రావాలి. మీకు ముచ్చటగా కనిపించే పంటు వారికి నిత్యం పడిగాపులు పడే చోటని గుర్తుంచుకోండి.

మూడో రోజు సంగతి నిష్ఠూరంగానే చెబుతాను. నిజాంపట్నం వైపు ఇప్పుడు బాపట్ల జిల్లా, అది వేరే ప్రయాణం. ఆ రోజును కూడా దివిసీమకే ఇవ్వండి.

కోడూరు కోడలు:

మాస్టారు గారు నీళ్ల సంగతి చెప్పారు, నేను ఊళ్ల సంగతి చెబుతాను. నేను తెనాలి పిల్లను, పెళ్లయి కోడూరు దగ్గరి పల్లెకు వచ్చి ముప్పై ఏళ్లవుతోంది. వచ్చిన కొత్తలో ఇక్కడి ఊరి పేర్లు వింతగా అనిపించేవి. తిరగగా తిరగగా అవి పేర్లు కావని, నేల ఎలా ఉన్నదో చెప్పే గుర్తులని తెలిసింది. ఏటిమొగ అంటే ఏరు సముద్రంలో పడే ముఖం. పాలకాయతిప్పలో తిప్ప అంటే నీటి మధ్య లేచిన ఇసుక మెట్ట. ఈలచెట్లదిబ్బలో దిబ్బ అన్నా మిట్ట నేలే. నాగాయలంకలో లంక నది వేసిన మేట. సొర్లగొందిలో గొంది అంటే ఇరుకుదారి. పర్ర అన్న మాట వినిపిస్తే పోటుకు మునిగి పాటుకు తేలే చవిటి నేల అని తెలుసుకోండి, అక్కడ కారు దింపకండి. మీరు వెళ్లే దారిలో ప్రతి పేరునూ ఇలా విప్పి చూసుకుంటూ పోతే, మిట్ట ఎక్కడ, పల్లం ఎక్కడ అన్నది పటం లేకుండానే తెలుస్తుంది.

హంసలదీవి ఊరు, సముద్రం ఒకచోట లేవు. వేణుగోపాలస్వామి గుడి ఊళ్లో ఉంది, అక్కడి నుంచి పాలకాయతిప్ప మీదుగా మరికొన్ని కిలోమీటర్లు పోతే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అందరి పాపాలూ మోసి నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ మునుగుతూ వచ్చి, ఇక్కడ మునగగానే హంసగా మారిందని మా వాళ్లు చెబుతారు. మాఘ పౌర్ణమికి స్వామి కల్యాణం జరుగుతుంది. ఆ రోజుల్లో జనం లక్షణంగా సముద్రస్నానాలు చేస్తారు గాని, మామూలు రోజుల్లో ఆ సంగమం దగ్గర నీటిలో దిగకండి. పైకి కదలిక లేనట్టే ఉండి, అడుగున లాగుతుంది. పొద్దు గుంకకముందే వెనక్కి తిరగండి, చీకటిపడ్డాక అక్కడ ఉండనివ్వరు, ఉండకూడదు కూడా. మీ పట్టికలో హంసలదీవిని మొదటి రోజు సాయంత్రానికి పెట్టారు. నాలుగు ఊళ్లు తిరిగి అలసిపోయి చీకటి వేళకు చేరే కంటే, మర్నాడు తెల్లవారి వెళ్లడం మంచిది.

మీ నాన్నగారి సంగతి చదివి మా ఇంట్లో కాసేపు మాట్లాడుకున్నాం. ఆయన చూసిన పాకలు, దారులు ఇప్పుడు లేవు. ఆ తరువాత కట్టిన డాబా ఇళ్లు, తుపాను ఆశ్రయ భవనాలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని కూడా పాతబడిపోయాయి. వరి చేలుగా ఆయన గుర్తుంచుకున్న చోట రొయ్యల చెరువులు, వాటి నీటికి గాలి పట్టించే చక్రాలు ఉంటాయి. 1977 నవంబర్ 19 రాత్రి సంగతి మా అత్తగారు ఎవరైనా అడిగితే చెబుతారు, అడగకపోతే తానుగా ఎత్తరు. మీరు వెళ్లే పల్లెల్లో పెద్దవాళ్లు చాలామంది అలాంటివారే. అందుకని కనిపించిన ముసలివారినల్లా ఆపి అడగకండి. మీ నాన్నగారు ఫలానా పని మీద అప్పుడు ఇక్కడ ఉన్నానని ఒక్క మాట అంటే చాలు, కూర్చోమని కుర్చీ వేసి వాళ్లే మొదలుపెడతారు. ఆ రోజుల్లో సహాయానికి వచ్చిన వారిని ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. మా మంత్రిగా ఉండి పల్లె పల్లె తిరిగిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు, మదర్ తెరెసా వచ్చి వెళ్లిన సంగతి ఎలా చెప్పుకుంటారో, పేరు తెలియని విద్యార్థులు మోసిన శవాల సంగతీ అలాగే చెప్పుకుంటారు.

అవనిగడ్డ మాస్టారు:

కోడలు గారి మాటకు ఒక్క సంగతి కలపాలి. పోటు గురించి నేను చెప్పింది చదివి కొందరు ఉప్పెనను కూడా తిథితో ముడిపెడతారు. 1977లో ఆ శనివారం అమావాస్యా కాదు, పౌర్ణమీ కాదు, శుక్లపక్షం నడిమి రోజు. చంద్రుడు లాగే నీరు వేరు, తుపాను గాలి నెట్టే నీరు వేరు. ఆ గాలి తోసిన నీరు తాటిచెట్ల మొవ్వుల దాకా లేచిందని చూసినవారు చెబుతారు. వేలమంది పోయారు. పంచాంగం పడవ ప్రయాణానికి పనికివస్తుంది, తుపానుకు వాతావరణ శాఖ హెచ్చరికే దిక్కు. జనవరిలో ఆ భయం తక్కువే. అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చేవారికోసం ఈ మాట రాస్తున్నాను.

ఉల్లంకి:

నేను పక్షుల కోసం ఏటా చలికాలంలో అటు వెళుతుంటాను. మాస్టారు గారి మీద గౌరవంతోనే ఆయన అష్టమి సలహాతో విభేదిస్తున్నాను. మోకాళ్ల సంగతి ఒక్కటే చూస్తే ఆయన చెప్పింది నిజం. బురద మేటల మీది పక్షులు చూడాలంటే మాత్రం పౌర్ణమికి ముందు రెండు మూడు రోజులు, అదీ పోటు ఎక్కుతున్న వేళ ఎంచుకోవాలి. నీరు బాగా తీసినప్పుడు ఉల్లంకులు, కొంగలు మైలు దూరంలో బురద అంచున చుక్కల్లా కనిపిస్తాయి. నీరు ఎక్కే కొద్దీ అవి మేత వదలక, అడుగు అడుగు వెనక్కి జరుగుతూ, చివరికి మీరు కూర్చున్న ఇసుక మెట్టకు దగ్గరగా వచ్చి గుంపుకడతాయి. మీరు కదలకుండా కూర్చుంటే చాలు, నీరే వాటిని మీ దగ్గరికి తెస్తుంది. ఇందులో నడక కూడా లేదు కాబట్టి నాన్నగారికి అనుకూలమే.

మడ అడవి గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఇది 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం, విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. సొర్లగొంది, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ, లంకెవానిదిబ్బ రిజర్వు అడవులు ఇందులోవే. కాబట్టి పడవ వాడు సరేనన్నా, అటవీశాఖ వారి అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. ఒకటి రెండు రోజుల ముందే అడిగి పెట్టుకోండి. గుల్లలమోద వైపు క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అటు వెళ్లదలిస్తే ఏ దారి తెరిచి ఉందో, ఏది మూసి ఉందో స్థానికంగా విచారించి మరీ కదలండి.

లోపలికి వెళ్లాక మొదట గమనించవలసినవి నల్లమడ, తెల్లమడ చెట్ల కింద బురదలోంచి మేకుల్లా నిలువుగా లేచిన వేళ్లు. ఆ బురదలో గాలి ఆడదు, అందుకని చెట్టు తన వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. ఉప్పుపొన్న చెట్టుకు గింజ కొమ్మ మీదనే మొలకెత్తి, పొడవాటి కాడగా ఎదిగి, ఆ తరువాత బురదలో పడుతుంది. తిల్ల అనే చెట్టును మాత్రం ముట్టుకోకండి, కొమ్మ విరవకండి. దాని పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట పుట్టి చూపుకే ముప్పు. పడవలో వెళ్లేటప్పుడు దారికి అడ్డొచ్చిన కొమ్మను చేత్తో తోయడం అందరికీ అలవాటే, ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి.

అడవి పలచబడిన చోట్ల నేల మీద చేపముల్లు ఆకారంలో తవ్విన కాలువలు కనిపించవచ్చు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. చెట్లు నరికేసిన చోట నేల కుంగి, పోటు నీరు గుంటల్లో నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పులో మడ కూడా బతకదు. కాలువ తవ్వి ఇచ్చారంటే పోటు నీరు వచ్చి, పాటుతో తిరిగి పోతూ ఉప్పును కడిగేస్తుంది, మొక్క నిలబడుతుంది. చాలామంది మడ అడవికి ఉప్పునీరుంటే చాలనుకుంటారు, నిజానికి దానికి కావలసింది కదిలే నీరు.

బావురుపిల్లి (చేపలు పట్టి తినే అడవిపిల్లి) కనిపిస్తుందా అని అందరూ అడుగుతారు. ఇది దాని నెలవే గాని, అది రాత్రి తిరిగే జంతువు. నేను ఇన్నేళ్లలో చూసింది బురద మీద దాని అడుగులే. నీటికుక్కలు కనిపించే అవకాశం అంతకంటే ఎక్కువ. ఇక జనవరి నుంచి సముద్రపు తాబేళ్లు, ఆలివ్ రిడ్లీలు, రాత్రివేళ ఇసుకలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. అటవీశాఖ వారు ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పూడ్చిపెడతారు, సుమారు 50 రోజులకు పిల్లలు బయటపడతాయి. మీరు వెళ్లేసరికి పిల్లలు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున తీరం వెంట నడిస్తే తల్లి తాబేలు ఈడ్చుకుంటూ పోయిన జాడ, ట్రాక్టరు చక్రపు గుర్తులా, ఇసుక మీద కనిపిస్తుంది. ఆ జాడను తొక్కకండి, గుడ్లు సేకరించేవారు దాన్ని పట్టుకునే వెతుకుతారు.

ఓరుగల్లు బాటసారి:

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. కోడలు గారి సందేశం దగ్గర ఆగి మరోసారి చదవమన్నారు.

పట్టికను ఇలా మార్చుకున్నాను. మొదటి రోజు ఘంటసాల ఒక్కటి చూసుకొని, పులిగడ్డ దగ్గర ఆగి, అవనిగడ్డలో దిగిపోతాం. ప్రాచీన గ్రీకు రచయిత టోలెమీ తన భూగోళ గ్రంథంలో ప్రస్తావించిన రేవు ఘంటసాలేనని చదివాను. సముద్రం ఇప్పుడు అక్కడికి అంత దూరంగా ఉండడం చూస్తే నది ఎంత నేల వేసిందో తెలుస్తుందని దాన్ని ఉంచుకున్నాను. కూచిపూడి, శ్రీకాకుళం, మోపిదేవి తిరుగు దారికి వదిలేశాను. రెండో రోజు తెల్లవారి పాలకాయతిప్ప తీరం, ఆ తరువాత కోడూరు పల్లెలు. మూడో రోజు ఎదురుమొండి. నాచుగుంట, ఈలచెట్లదిబ్బ నీరు ఒప్పుకుంటేనే. మడ అడవిలో పడవకు నాలుగో రోజు కలిపాను, సెలవు అడిగాను.

తిథి విషయంలో మాత్రం ఇద్దరి మధ్య చిక్కుకున్నాను. మాస్టారు గారు అష్టమి అన్నారు, ఉల్లంకి గారు పౌర్ణమి ముందు అన్నారు. శుక్ల దశమినాడు అవనిగడ్డ చేరితే పంటు దాటేది ద్వాదశికి, పడవ ఎక్కేది త్రయోదశికి అవుతుంది. ఇద్దరికీ సమ్మతమేనా?

ఉల్లంకి:

నాకు సమ్మతమే. త్రయోదశి పోటుకు పక్షులు బాగా దగ్గరకు వస్తాయి. పడవలో బైనాక్యులర్స్ పెట్టుకోవడం మరచిపోకండి.

అవనిగడ్డ మాస్టారు:

ద్వాదశికి పంటు ఇబ్బంది పెట్టదు. త్రయోదశినాడు మాత్రం పోటు ఎక్కుతుండగా లోపలికి వెళ్లి, నిండు పోటు మీద వెనక్కి తిరగండి. పడవ నడిపే ఆయన ఇక చాలు అంటే, నాలాగా వాదించకండి. దోమలకు నూనె రాసుకోండి, తాగునీరు అనుకున్నదానికి రెట్టింపు పట్టుకెళ్లండి.

కోడూరు కోడలు:

రెండో రోజు మధ్యాహ్నం కోడూరులో భోజనం మా ఇంట్లోనే. చిరునామా విడిగా పంపుతాను. నాన్నగారికి ఏది పడుతుందో, ఏది పడదో ముందుగా చెప్పండి. పండుగప్ప పులుసు చేయగలను. మండపీతలు తినాలని ఉంటే మాత్రం మీరు తిథి తప్పారు. అమావాస్య పీతకు కండ ఉంటుందని, పౌర్ణమి దగ్గరపడే కొద్దీ డొల్ల అవుతుందని మా అత్తగారు కొననివ్వరు. పక్షులకు పనికివచ్చిన రోజు మా వంటింటికి పనికిరాదు, ఏం చేస్తాం!